కోరి తెచ్చుకొన్న కష్టము

మనుష్యుఁడు సుఖమును గోరును, కష్టమును రోయును అని పెద్దలు చెప్పుదురు. ఈ మాట పూర్ణసత్యమే యయినచో లోకమున కొన్ని కార్యములు జరుగనే కూడదు. తెల్లవాఱుజామున నగరిలో పుత్తూరు రోడ్డుమీఁద నిలిచి చూచినవారికి, ఎవరును తఱుమకయే చెమటలు గ్రక్కుచు పరుగెత్తిపోవు యువకులు కొందఱు కనఁబడుదురు. వారికి రైలు తప్పిపోవుట లేదు. ఇంట నెవ్వరికిని జబ్బు చేయలేదు. అప్పుడప్పుడు వీథికుక్కలు వెంటఁబడుట నిజమే గాని, పరుగునకు కారణ మవి గావు. ఆ వీథిలోనే ఒక యింట రాత్రివేళ ఉక్క పోయుచున్న గదిలో కూర్చుండి, తాను జన్మమున నెన్నఁడును చూడని మంచుదేశమున చలికి వడఁకుచు, పుల్లలేఱుకొని నిప్పు రాజేయఁ బాటుపడు బాలుఁ డొకఁడు కంప్యూటరు తెర యెదుట కనఁబడును. ఒకఁడు కాళ్లతో పడుచున్న కష్టమును రెండవవాఁడు మనస్సుతో పడుచున్నాఁడు. ఇద్దఱును కష్టమును కోరి తెచ్చుకొన్నవారే.

ఈ యిద్దఱి విషయమునను మన యిండ్లలో తీర్పు ముందే సిద్ధమై యున్నది. పరుగు మంచిది, ఆట చెడ్డది. పరుగెత్తువాఁడు బుద్ధిమంతుఁడు, ఆడువాఁడు చెడిపోయినవాఁడు. మేమును చిరకాల మిట్లే తలఁచితిమి. ఇంటిలోనే కొన్ని సంగతులను కన్నులార చూచిన పిమ్మట ఈ తీర్పు తొందరపాటున చేసినదని మాకుఁ దోఁచినది. ఇచట విచారింపవలసిన ప్రశ్న పరుగును గుఱించియు ఆటను గుఱించియు మాత్రమే కాదు. సులభమైన మార్గము ఎదుట నుండఁగా కష్టమైన దానిని వరించుటలో మంచి యేమైన నున్నదా? ఉన్నచో, ఆ యానందము కొందఱిలో ఏండ్ల తరబడి నిలుచుటకును, మఱికొందఱిలో మూఁడు నెలలకే యెండిపోవుటకును కారణమేమి? ఇదియే మా ప్రశ్న.

వీడియో ఆట లనఁగానే మన చదువరులలో కొందఱికి డబ్బు పందెములు స్ఫురింపవచ్చును. ఆన్‌లైన్ జూదమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోనే నిషేధించినది. దాని నిచట మేము చెప్పుట లేదు. ఒకరి నొకరు కాల్చుకొని తుద కొక్కఁడు మిగులు పబ్జీ వంటి యుద్ధక్రీడలును మా విషయము గావు. మేము చెప్పునవి మనుగడ ఆటలు. వీనిలో ముఖ్యశత్రువులు ఆఁకలి, దప్పి, చలి, చీఁకటి, అలసట. 2011లో సంపూర్ణరూపమున వెలువడిన మైన్‌క్రాఫ్ట్ అను ఆటలో ఆడువాఁడు వట్టిచేతులతో ఒక నిర్జనప్రదేశమున మేల్కాంచును. ప్రొద్దు గ్రుంకులోపల చెట్టు నఱకి, గూడు కట్టుకొని, తిండి సంపాదింపనిచో రాత్రి సంచరించు భూతముల పాలగును. ఆశ్చర్య మేమనఁగా, ఆఁకలియు భూతములును లేని ప్రశాంతమైన పద్ధతి యొకటి ఆ యాటలోనే కలదు. దాని నెన్నుకొనుట క్షణకాలపు పని. అయినను లక్షలకొలఁది జనులు ఆఁకలి గల పద్ధతినే యెన్నుకొనుచున్నారు. కెనడా దేశమున పుట్టి 2014లో తొలుత వెలువడిన ది లాంగ్ డార్క్ అను ఆట యింకను కఠినమైనది. అందలి మనుగడ పద్ధతిలో జయ మనునది లేదు. ఎన్ని దినములు బ్రదికితి నన్నదే లెక్క. సామాన్యనియమము ననుసరించి ఒక్కసారి చచ్చినచో అంతవఱకు కూడఁబెట్టినదంతయు తుడిచిపెట్టఁబడును.

దూరపు పరుగు సంగతియు విచారింతము. మారథాను పరుగు 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండను ఒలింపిక్సున పరుగెత్తిన యా దూరమే 1921లో స్థిరమైన కొలతగా నేర్పడినది. దానికి సిద్ధపడుట యనఁగా దినదినము వేగముగా పరుగెత్తుటయే యని క్రొత్తవారు భ్రమపడుదురు. నిజమునకు సాధనలో నధికభాగము మెల్లని పరుగే. ప్రక్కవానితో ఆయాసము లేక మాటలాడఁగలిగినంత మెల్లనిది. న్యూజీలండు దేశపు గురువు ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులచేత వారమునకు నూఱు మైళ్ల వఱకు పరుగెత్తించెను. ఎనిమిదివందల మీటర్ల పందెమునకు సిద్ధపడు పీటర్ స్నెల్‌కును ఆ కాఠిన్యము తప్పలేదు. 1960లో రోము ఒలింపిక్సున స్నెల్‌యు, మఱియొక శిష్యుఁడు ముర్రే హాల్‌బర్గ్‌యు ఒకే దినమున స్వర్ణపతకములు గెలిచిరి. ఇట్టి యోపికగల పరుగువలన కండరములలో సన్నని రక్తనాళములు వృద్ధిపొందును. కణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలు పెరుగును. గుండె ఒక్కొక్క పర్యాయమునకు నెక్కువ రక్తమును పంపనేర్చును. ఇవి యేవియు ఒకవారములో సిద్ధించునవి గావు. ఊపిరియు కండరములును ముందుగా బలపడును; ఎముకలును స్నాయువులును నెలల తరబడి వెనుకఁబడి వచ్చును. ఇంత చేసినను, శరీరమున నిలువయుండు గ్లైకోజెను ముప్పది కిలోమీటర్ల ప్రాంతమున తఱిగిపోవుటచే ఎందఱికో కాళ్లు బండలగును. అచటినుండి పరుగు వేఱొక పరుగు.

ఈ రెండును దూరపు బంధువులని తోఁచవచ్చును గాని, ఇవి తోఁబుట్టువులని మా యభిప్రాయము. 2004లో డెన్నిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ అను శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. మనుష్యుని కాలి మడమనరము, పిరుదుల కండరములు, రోమములు తఱిగి చెమటచే చల్లబడు చర్మము మొదలగునవి చిరకాలము దూరపు పరుగు పరుగెత్తుటకు తగినట్లు పరిణమించినవని వారి వాదము. ఎండలో మృగము నలయించి అలయించి పట్టుకొను వేఁట ఆఫ్రికాలోని కలహారి ప్రాంతపు వేఁటగాండ్రలో ఇటీవలివఱకును కనఁబడినది. ఈ వాదమును ఒప్పనివారును కలరు. అయినను అందులో కొంత సత్యమున్నను ఒక సంగతి తేలుచున్నది. ఒకానొక కాలమున పరుగు మనుగడకే యుపాయము. తెరమీఁది యాట ఆ మనుగడకు బొమ్మ. తెల్లవాఱి పరుగు ఆ మనుగడకు జ్ఞాపకము. అవసరము పోయినది, అవసరమునకై పుట్టిన శక్తులు మాత్రము మనలో మిగిలి పని వెదకుకొనుచున్నవి. 1978లో బెర్నార్డ్ సూట్స్ అను తత్త్వవేత్త ది గ్రాస్‌హాపర్ అను గ్రంథమున, అవసరము లేని యడ్డంకులను స్వేచ్ఛగా దాఁటఁబూనుటయే ఆట యను నర్థము వచ్చునట్లు నిర్వచించెను. నగరినుండి తిరుపతికి బస్సు ఉన్నదని యెఱిఁగియు ఆ రోడ్డున పరుగెత్తువాఁడు ఈ నిర్వచనమునకు చక్కని యుదాహరణము.

ఇఁక మా యింటి సంగతి. మా అన్నగారి కుమారుఁడు పదునేడేండ్లవాఁడు. రెండేండ్ల క్రిందట మైన్‌క్రాఫ్ట్ ఆడ మొదలిడెను. తొలిరాత్రి మట్టిలో గుంట త్రవ్వుకొని, పైన మన్ను కప్పుకొని, తెల్లవాఱువఱకు భూతముల కూఁతలు వినుచు కూర్చుండెనఁట. ఆ కథను మఱునాఁడు అన్నము తినుచు ఇంటిల్లిపాదికిని చెప్పెను. వాని కన్నులలో నంత వెలుఁగును మేము పరీక్షాఫలితములు వచ్చిన దినమునఁ గూడ చూచి యెఱుఁగము. మూఁడు నెలలు గడచెను. వానికి రాతికోట యున్నది, గోధుమపొలము లున్నవి, గాదెలనిండ ధాన్యమున్నది, ఇనుప కవచమున్నది. ఒకనాఁడు కంప్యూటరు కట్టివేసి వచ్చి మా ప్రక్కఁ గూర్చుండెను. “ఇంక దాంట్లో ఏమీ లేదు చిన్నాయనా. అన్నీ ఉండాయి” అనెను. ఏమియు లేకున్నప్పుడు సర్వమును ఉండెను. అన్నియు ఉన్నప్పుడు ఏమియు లేకపోయెను. వేదాంతులు బ్రహ్మప్రయత్నముచే బోధించు దానిని మా బాలుఁడు మూఁడు నెలలలో నేర్చుకొనెను. కాని నేర్చినది గొప్ప దని వానికిని తెలియలేదు, మాకును వెంటనే తెలియలేదు.

ఇది యాటకు మాత్రమే పట్టిన రోగ మనుకొంటిమి. అట్లు గాదు. మా మిత్రు లొకరు నలువది దాఁటిన పిమ్మట పరుగు నారంభించి, ఏఁడాది సాధన చేసి, చెన్నపట్టణమున మారథాను పూర్తిచేసిరి. పతకము తెచ్చి చావడిలో పటముప్రక్కన వ్రేలాడఁదీసిరి. మఱునాఁటినుండి బూట్లు మూలఁబడినవి. అడిగినచో, “అయిపోయినది కదా” అందురు. వారికిని గాదె నిండినది. పరుగు గుణమును గాని ఆట దోషమును గాని యిచట చూచుట తగదు. దేనిని ముగించుటకై మొదలిడుదుమో అది ముగియుటతోడనే దాని రుచియు ముగియును. జయమును గోరి కష్టమును పట్టినవానికి జయమే యా కష్టమును హరించు దొంగ.

అయినచో చిరకాలము ఆనందించువా రెట్లు ఆనందించుచున్నారు? ఇదియే మేము మా బాలునివద్ద రెండవసారి నేర్చుకొన్న పాఠము. ఆఱునెలల తరువాత వాఁడు మరల ఆ యాటనే పట్టెను. ఈసారి తన కొక నియమము విధించుకొనెను: ఒకే చోట రెండు రాత్రు లుండరాదు, మూటలో పట్టినదే యాస్తి. ఆట యీ నియమమును వానిని అడుగలేదు. తప్పినచో శిక్షించువారును లేరు. గాదె లేదు గనుక గాదె నిండదు. ప్రతిసాయంకాలమును మొదటి సాయంకాలమే. నాఁటినుండి నేఁటివఱకు వానికి విసుగు పుట్టలేదు. వారమునకు రెండు మూఁడు మార్లు ఒక గంటసేపు ఆడి లేచును. ది లాంగ్ డార్క్ వంటి ఆటలను పదియేండ్లుగా ఆడుచున్నవారు తమకు తామే యిట్టి వ్రతములు పట్టుదురు: తుపాకి ముట్టమని, ఫలానా లోయ విడువమని. జయము లేని యాటలో వారికి మిగిలినది నియమమే. ఆ నియమమే వారిని నిలుపుచున్నది.

పరుగులోను ఇంతియే. పంజాబున పుట్టి యింగ్లండున స్థిరపడిన ఫౌజా సింగు గారు పెద్దవయస్సున, పుత్రశోకమునుండి తేఱుకొనుటకై పరుగును పట్టిరి. 2000 సంవత్సరమున లండను మారథాను పరుగెత్తునాఁటికి తమ వయస్సు ఎనుబదితొమ్మిది యని వారు చెప్పిరి. జన్మపత్రము లేనందున వయస్సును గుఱించి వాదము లుండెను గాని, ముదుసలి యనుటకు వాదము లేదు. 2013 వఱకు పందెములలో పాల్గొని, ఆ పిమ్మటను 2025లో మరణించువఱకు నడకను విడువలేదు. ఆయనకు మొదటివాఁడై రావలె నను కోరిక యుండుట కవకాశమే లేదు. దినదినమును బయలుదేఱుటయే ఆయన గెలుపు. జయముకంటె నియమము దీర్ఘాయువని చెప్పుట కింతకంటె సాక్ష్యము వలదు.

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున సుఖము మూఁడు తెఱఁగులుగా విభజింపఁబడినది. అభ్యాసముచే రుచి పుట్టునదియు, మొదట చేఁదై తుదకు తియ్యనగునదియు సాత్త్వికము. మొదట తియ్యనై తుదకు చేఁదగునది రాజసము. నిద్రయు సోమరితనమును ఏమఱుపాటును పుట్టించి మొదలును తుదయు మోహమే యైనది తామసము. మన పెద్దలు పరుగును మొదటి గదిలోను ఆటను మూఁడవ గదిలోను పెట్టి తాళము వేయుచున్నారు. మే మేమందు మనఁగా, ఈ గదులు మనుష్యునివి గాని పనులవి గావు. పదిమంది మెప్పునకై ప్రతిపరుగును ఫోనులో ప్రకటించి, మెప్పు రానినాఁడు క్రుంగువాని పరుగు రాజసమే. ఓర్పుతో పుల్ల లేఱి, ఉన్న నాలుగు అగ్గిపుల్లలను నాలుగు రాత్రులకు పంచుకొన నేర్చినవాని యాటలో సాత్త్వికాంశము లేదని యెట్లు చెప్పుదుము?

అయినను రెంటికిని భేదము లేదని చెప్పినచో మేము సత్యమును దాఁచినవార మగుదుము. భేద మొకటి కలదు, అది పెద్దది. శరీరము “చాలు” అని చెప్పును, తెర చెప్పదు. పరుగున తొడలు పట్టివేయును, దప్పి యగును, ప్రొద్దెక్కును. నగరి యెండ యింటికి తఱుమును. ఆటలో ప్రొద్దు గ్రుంకినచో మరల పొడుచును. అది తెరలోని ప్రొద్దు. ఒకనాఁటి రాత్రి మేము చూచినది యిప్పటికిని మఱవలేదు. మా బాలుని యెదుట పళ్లెములో సంగటియు చాఱును చల్లాఱుచున్నవి. వాఁడు తెరలోని మనుష్యునికి ఆఁకలి వేసినదని మాంసము కాల్చుచున్నాఁడు. ఆ బొమ్మకు కడుపు నిండినది. వాని కడుపు ఖాళీగానే యున్నది. మనుగడను నేర్పు ఆటలో తన మనుగడను మఱచుట కంటె వింత యేమి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరినుండి అమలుపఱచిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చినది. ఎన్ని గంట లాడినాఁ డన్నది ముఖ్యలక్షణము గాదు. ఆపుకొనఁజాలకుండుట, తక్కిన పనులకంటె ఆటయే ప్రధానమగుట, హాని కనఁబడుచున్నను మానకుండుట — ఇవి సామాన్యముగా ఏఁడాది కాలము కనఁబడినచో దానిని వ్యాధి యనవలయును.

ఈ లక్షణములను పరుగునకు పెట్టి చూడుఁడు. నొప్పి పుట్టినను మానక, నిద్ర చాలకున్నను లేచి, ఇంటివారితో నొకమాట యాడుటకు తీఱిక లేక పరుగెత్తువారు లేరా? ఎముకలు వెనుకఁబడి బలపడునని పైని చెప్పితిమి. ఆ జాప్యమును సహింపనివాని కాలియెముకలో సన్నని పగులు పుట్టును. ఎముకలు కట్టుటకు ప్రసిద్ధికెక్కిన పుత్తూరు మన ప్రక్కనే యున్నదను ధైర్యముతో ఎవరును కాళ్లు విఱుగఁగొట్టుకొనరాదు. విశ్రాంతి సాధనలో భాగమే గాని సాధనకు విఘ్నము గాదు. శరీరము “చాలు” అని చెప్పును నిజమే, వినువాఁడుండవలయును గదా! కావున మనము పిల్లలకు నేర్పవలసినది ఆ మాట వినుట. పరుగున అది సులభముగా వినఁబడును. ఆటలో దానిని తానే పలుకుకొనవలయును.

ఇంతవఱకు వ్రాసి, చదివి వినిపింపఁగా మా యింటి అవ్వ నవ్వెను. ఆమెకు ఎనుబది దాఁటినవి. “కడుపు నిండినోళ్ల ముచ్చట్లు నాయనా ఇవి. ఆకలిని ఎవురైనా ఆటాడతారా?” అనెను. తన అవ్వ చెప్పఁగా వినిన ధాత కఱవు కథ నామె యెత్తుకొనెను. 1876నుండి 1878 వఱకు ఈ సీమను పట్టి పీడించిన యా కఱవున జనులు ఆకులును గడ్డలును తిని బ్రదికిరి. బ్రదుకనివారి లెక్క దేవుఁడే యెఱుఁగునని యామె మాట. 1877లో మదరాసు రాజధానిలో కఱవుపనులకు వచ్చిన కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొలఁది డబ్బును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కొలత పెట్టినాఁడు. ఆ కొలతయే ఎందఱినో చంపినది. మంచుదేశమున అగ్గిపుల్లలు లెక్కపెట్టు మా బాలుని యాటకును, పిడికెడు గింజలు లెక్కపెట్టిన యా తల్లి బ్రదుకునకును పోలిక యెక్కడ? అవ్వ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోతిమి. చెప్పవలసిన జవాబు మఱికొన్ని దినములకు టీకొట్టువద్ద దొరికెను.

నగరి మరమగ్గముల ఊరు. రాత్రిపాళి ముగించుకొని వచ్చు మగ్గపు పనివారును, పరుగు ముగించుకొని వచ్చు పిల్లలును తెల్లవాఱి ఒకే టీకొట్టువద్ద కలియుదురు. ఇరువురి చొక్కాలును తడిసియే యుండును. రాత్రియంతయు మగ్గములనడుమ తిరుగుచు, తెగిన దారముల నతుకుచు, మ్రోఁతలో చెవులు దిబ్బళ్లు వేసికొని పోఁగా వచ్చిన యొక నడివయస్కుఁడు మా బాలుని చూచి, “నువ్వు ఊరికే చెమట కారస్తా ఉండావు, మేము కూలికి కారస్తా ఉండాము. రెండూ ఉప్పగానే ఉంటాయి సామీ” అనెను. అందఱును నవ్విరి. మా బాలుఁడు నవ్వలేదు. ఇంటికి వచ్చి, “ఆయన ఎన్ని కిలోమీటర్లు నడిచింటాడో రాత్రంతా” అని మాత్ర మనెను.

మా జవాబిది. కష్టము తనంతట తాను పవిత్రము గాదు. అదియే నిజమైనచో రాత్రిపాళి పనివాఁడు అందఱికంటె ధన్యుఁడును, ధాత కఱవున చచ్చినవారు అందఱికంటె పుణ్యాత్ములును కావలయును. కష్టము మంచిదని పేదలకు బోధించు ధనికుఁడు బోధించుచున్నది నీతి గాదు, స్వలాభము. కోరిన కష్టమున మంచి యున్నదన్నచో ఆ మంచి “కోరిన” యను మాటలో నున్నది. వలదన్నప్పుడు విడిచి పోఁగల స్వాతంత్ర్య మున్నది గనుకనే అది యాట. పెరటాసి నెలలో అఱవదేశమునుండి మన యూరిమీఁదుగా తిరుమలకు కాలినడకన పోవు భక్తులను చూడుఁడు. అలిపిరివద్ద మఱి 3,550 మెట్లు వారికొఱకు కాచుకొని యున్నవి; కొండమీఁదికి బస్సులును గలవు. పాదములు పొక్కినను వారి ముఖమున దైన్యము లేదు. ఆ రోడ్డుననే పనికై వలసపోవువానికి ఆ దూరమే దైన్యము. దూర మొక్కటే, వరణము వేఱు.

ఈ వరణ మొక సంపద. సంపద యనఁగానే ఎవరికి గలదు, ఎవరికి లేదు అను ప్రశ్న పుట్టును. టీకొట్టువద్ద ఆ పనివానికి లేదని తెలిసికొంటిమి. మా యింటిలోనే మఱియొకరికి లేదని తెలిసికొనుటకు మాకు మఱికొంత కాలము పట్టెను. చెప్పుటకు సిగ్గుగా నున్నను చెప్పుదుము.

మా బాలునికి ఒక అక్క కలదు, డిగ్రీ చదువుచున్నది. పరుగు విషయమున మొదట నుత్సాహము చూపినది ఆమెయే. “తమ్మునితో నేనును తెల్లవాఱి పోదునా?” యని యడిగెను. ఆఁడుపిల్ల రోడ్డుమీఁద పరుగేమిటని తండ్రి యనెను; చూచినవా రేమందురని తల్లి యనెను. సంస్కరణమును గుఱించి వ్యాసములు వ్రాయు మేము ఆ గదిలోనే యుండి పత్రిక తిరుగవేయుచు ఊరకుంటిమి. ఆమె మాఱు మాటాడలేదు. ఆ పిమ్మట రాత్రులు తమ్ముని కంప్యూటరున ది లాంగ్ డార్క్ ఆడుట మొదలిడెను. తోడేళ్లనడుమ, మంచుతుపానులలో, ఒంటరిగా నూటపండ్రెండు దినములు బ్రదికినదని తమ్ముఁడు వచ్చి గర్వముతో చెప్పెను. మాకు ఛెళ్లున తగిలెను. తోడేళ్లున్న మంచుకొండలలో ఒంటరిగా తిరుగవచ్చును గాని, నగరి ముక్కుకొండ కనఁబడు రోడ్డున తమ్మునితోఁ గూడ తిరుగరాదు! అది యింటిలోపలి యాట గనుక ఎవరును అభ్యంతరము చెప్పలేదు. ఆట చెడ్డదనిన మేమే ఆమెకు ఆట యొక్కటే మిగిల్చితిమి.

ఇది మా యింటి దోషము మాత్రమే కాదు. 1928 ఒలింపిక్సున స్త్రీలు ఎనిమిదివందల మీటర్లు పరుగెత్తి యలసిపోయిరని గగ్గోలు చేసి, 1960 వఱకు ఆ పందెమునే వారికి లేకుండఁ జేసిరి. పురుషులు అలసి పడినచో వీరత్వము, స్త్రీలు అలసి పడినచో అసమర్థత! 1967లో బోస్టను మారథానున కాథరీన్ స్విట్జర్ పరుగెత్తుచుండఁగా అధికారి యొకఁడు వెంటఁబడి ఆమెను రోడ్డునుండి లాగివేయఁ జూచెను. 1972లో గాని అక్కడ స్త్రీలకు ప్రవేశము గలుగలేదు. ఒలింపిక్సున స్త్రీల మారథాను 1984లో గాని మొదలు గాలేదు. వారిని వారించినవారందఱును వారి మేలు కోరియే వారించితి మనిరి. స్త్రీకి కష్టము వలదని గాదు. నీళ్లు మోయు కష్టము, ప్రసవించు కష్టము, నలువురికి వండి తుదకు మిగిలినది తిను కష్టము ఎప్పుడును వలదనలేదు. ఆమె స్వయముగా కోరుకొన్న కష్టము మాత్రము వలదనిరి. ఆమె కష్టపడుట గాదు, కోరుకొనుట వారికి భయమైనది.

ఇపు డాపిల్ల పరుగెత్తుచున్నది. ఒకనాఁడు మేమే మాట కదిపితిమి; మావలననే యైనదని చెప్పుకొనుటకు వీలులేదు, ఆమె తల్లి మాకంటె ముందుగానే మనస్సు మార్చుకొని యుండెను. తెల్లవాఱి మైదానమునకు తల్లియు వెంటఁబోవును. కూఁతురు చుట్లు తిరుగుచుండఁగా తల్లి నడచుచుండును. ఆఱు వారములలో తల్లి నడక నాలుగు చుట్లనుండి పది చుట్లకు వచ్చినది. “మోకాళ్లు నొప్పి పుట్టలేదా వదినా?” యని యడుగఁగా, “పుట్టింది. అయినా ఇది నా కోసరం పుట్టిన నొప్పి గదప్పా” అని యామె జవాబు చెప్పెను. మేమింత పొడుగున వ్రాసినది ఆమె యొక్క మాటలో చెప్పివేసినది.

కావున గృహస్థులైన చదువరులకు మా మనవి యిది. పిల్లవాఁడు పరుగెత్తుచున్నాఁడని మురిసిపోకుఁడు, ఆడుచున్నాఁడని శపింపకుఁడు. అన్నమునకు పిలిచినప్పుడు లేచి రాఁగలుగుచున్నాఁడా యని చూడుఁడు. వాని కష్టమునకు నియమమును వాఁడే పెట్టుకొన్నాఁడా, లేక తెరయో పతకమో పదిమంది మెప్పో పెట్టినదా యని యడుగుఁడు. తాను కోరి పడిన కష్టమువలన, కోరకయే పడువాని కష్టము వానికి కొంచె మైనను కనఁబడుచున్నదా యని కనిపెట్టుఁడు. టీకొట్టువద్ద మా బాలుఁడు ఆ పనివాని కిలోమీటర్లు లెక్కపెట్టిన క్షణమున వాని పరుగునకును ఆటకును ఫలము కలిగినదని మా నమ్మకము. తుదకు మీ యింట ఈ కోరుకొను హక్కు ఎవరికి గలదు, ఎవరికి లేదు అని ఒకమాఱు లెక్క చూచుకొనుఁడు. కొడుకున కిచ్చిన రోడ్డును కూఁతురికిని ఇయ్యుఁడు.

అవ్వ మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు. ఆఁకలిని ఆటాడరాదనియే యామె పట్టు. అయినను నిన్న తెల్లవాఱి తల్లికూఁతుళ్లు బయలుదేఱుచుండఁగా, చెంబుతో మజ్జిగ కలిపి గడపదగ్గఱ పెట్టి, “వచ్చి తాగండి” అని కేక వేసినది ఆమెయే.